1850లో గీసిన ఒక గడి, ఈనాటి గ్రీన్ కార్డ్ క్యూ

డాలస్‌లో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయికి గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు. మధ్యలో విసుగెత్తి కెనడా వెళ్ళిపోయాడు. కొన్నేళ్ళు అక్కడే ఉండి పౌరసత్వం తీసుకుని, మంచి ఉద్యోగం దొరికిందని మళ్ళీ డాలస్ వచ్చాడు. గ్రీన్ కార్డులకు దేశానికో లైన్. ఇప్పుడు తనది కెనడా పాస్‌పోర్టు కాబట్టి కెనడా లైన్లో నిలబడొచ్చనీ, ఆ లైన్ పొట్టిదనీ లెక్క వేసుకున్నాడు. లాయరమ్మ ఒకే ప్రశ్న అడిగిందట: "మీరు పుట్టింది ఎక్కడ?" ఏలూరులో. అయితే ఇండియా లైనే. పాస్‌పోర్టు రంగు మారినా లైన్ మారదు.

మతం కాదు, భాష కాదు, ప్రస్తుతం ఏ దేశ పౌరుడన్నది కూడా కాదు. తల్లి కడుపులోంచి బయటపడిన చోటు ఒక్కటే లెక్క. ఇదెక్కడి న్యాయం అని వాడు, ఇదెక్కడి నుంచి వచ్చింది అని నేను. నా ప్రశ్నకు జవాబు దొరకాలంటే ఇమిగ్రేషన్ చట్టాలకంటే వెనక్కి, పందొమ్మిదో శతాబ్దపు జనాభా లెక్కల కాగితాల దాకా వెళ్ళాలి.

అమెరికాలో జనాభా లెక్కలు మొదలైంది వలసల కోసం కాదు, సీట్ల కోసం. ప్రతినిధుల సభలో ఏ రాష్ట్రానికి ఎంతమంది ఉండాలో తేల్చడానికి పదేళ్ళకోసారి తలలు లెక్కపెట్టాలని 1787లో రాసుకున్న రాజ్యాంగం చెప్పింది. ఆ తలలన్నీ సమానం కావు. బానిసను అయిదింట మూడు వంతుల మనిషిగా లెక్క వేశారు. పన్ను కట్టని ఇండియన్లు, అంటే ఆ నేల మూలవాసులు, అసలు లెక్కలోకే రారన్నారు. 1790 ఆగస్టులో ఫెడరల్ కోర్టుల అధికారులైన మార్షళ్ళ సహాయకులు ఊళ్ళమీద పడ్డారు. అచ్చు ఫారాలు లేవు, ఎవరి కాగితం వాళ్ళే తెచ్చుకుని గీతలు గీసుకున్నారు. ఇంటి పెద్ద పేరొక్కటే రాసేవాళ్ళు, మిగతా వాళ్ళంతా అంకెలే. రాసిన జాబితాను ఊళ్ళో నలుగురూ తిరిగే రెండు చోట్ల అంటించాలి, తప్పులుంటే జనమే చెబుతారని. మొత్తం 39 లక్షల 29 వేల మంది తేలారు.

ఆ ఫారంలో 'నువ్వెక్కడి నుంచి వచ్చావు' అన్న ప్రశ్న లేదు. 1820లో మాత్రం ఇంట్లో పౌరసత్వం తీసుకోని విదేశీయులు ఎంతమంది అని ఒక అంకె అడిగారు. అంతకు ముందు ఏడాది చేసిన చట్టం వల్ల ఓడల కెప్టెన్లు ప్రయాణికుల జాబితా ఇవ్వడం కూడా అదే ఏడాది మొదలైంది. ఇక్కడిదాకా వలస అంటే రేవులో దిగిన తలల లెక్క. దిగాక ఎక్కడికి పోయారు, ఏం చేశారు అన్నది ఎవరికీ పట్టలేదు.

గడి పుట్టిన ఏడాది

అసలు మార్పు 1850లో వచ్చింది. బోస్టన్ నగరానికి 1845లో ఇంటింటి లెక్క తీసిన లెమ్యుయెల్ షాటక్ అనే ఆయన సలహాతో ఫారం మొత్తం మార్చేశారు. ఇంటి పెద్ద పేరు ఒక్కటే కాదు, స్వేచ్ఛగా ఉన్న ప్రతి మనిషి పేరూ ఒక వరుసలో రాయాలి. పేజీకి 42 వరుసలు. పేరు, వయసు, ఆడా మగా, రంగు, వృత్తి, ఆస్తి విలువ, ఆ తర్వాత పుట్టిన చోటు.

ఆ చివరి గడి చిన్నదే. అందులో ఊరి పేరు రాయకూడదు. అమెరికాలో పుడితే రాష్ట్రం, బయట పుడితే దేశం. మన దగ్గర ఇద్దరు కొత్తవాళ్ళు కలిస్తే ముందు "మీదే ఊరు?" అంటారు. తెనాలి అంటే "తెనాలిలో ఎక్కడ?" అంటారు. అప్పటి ఐరిష్ రైతు కూడా అలాంటి మనిషే. అతనికి తన పల్లె, తన చర్చి, మహా అయితే తన జిల్లా తెలుసు. న్యూయార్క్‌లో అద్దె గది తలుపు తీసేసరికి ఎదురుగా లెక్కల మనిషి పెద్ద కాగితం పట్టుకుని నిలబడి ఉంటాడు. అతని నోట్లోంచి ఊరి పేరు వస్తుంది, కాగితం మీద 'ఐర్లాండ్' పడుతుంది. కింద భార్యకీ, ముగ్గురు పిల్లలకీ పై మాటే అన్నట్టు రెండేసి చుక్కలు. చివర పుట్టిన పసిబిడ్డ దగ్గర మాత్రం చుక్కలు ఆగిపోయి 'న్యూయార్క్' వస్తుంది. ఒకే ఇంట్లో, ఒకే గడిలో రెండు దేశాలు.

లెక్క తేలింది. 2 కోట్ల 31 లక్షల జనాభాలో 22 లక్షల 44 వేల మంది బయట పుట్టినవాళ్ళు, నూటికి దాదాపు పదిమంది. వాళ్ళలో 9 లక్షల 61 వేల మంది ఐర్లాండ్‌వాళ్ళే. 1845 నుంచి బంగాళాదుంప పంట కుళ్ళిపోయి, ఆకలికి తాళలేక ఓడలెక్కినవాళ్ళు చాలామంది అందులో ఉన్నారు. జర్మన్ నేలల నుంచి వచ్చినవాళ్ళు 5 లక్షల 83 వేలు.

ఈ అంకెల్లో లేనివాళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. 1850లో బానిసలకు వేరే ఫారం. అందులో యజమాని పేరుంటుంది, దాని కింద వయసు, ఆడా మగా, రంగు. పేరు లేదు, పుట్టిన చోటు గడి కూడా లేదు. అట్లాంటిక్ దాటించి సంకెళ్ళతో తెచ్చిన మనుషులు అప్పటికి ఇంకా బతికే ఉన్నారు. 32 లక్షల మంది బానిసల్లో అలాంటివాళ్ళు ఎందరో ఆ లెక్కలు చెప్పవు, ఎందుకంటే అడగలేదు. 'అమెరికా వలసల చరిత్ర' అని మనం చదివే పట్టికలన్నీ అడిగినవాళ్ళ పట్టికలే.

దేశం అంటే ఏ దేశం?

గడి గీయడం సులువే, నింపడం దగ్గరే వచ్చింది చిక్కు. 1871 దాకా జర్మనీ అనే ఒకే దేశం లేదు. అందుకని 1870లో లెక్కల మనుషులకు ఇచ్చిన సూచనల్లో 'జర్మనీ అని రాయొద్దు, ప్రష్యానో బవేరియానో బాడెనో రాయండి' అన్నారు. గ్రేట్ బ్రిటన్ అని కూడా వద్దు, ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్ విడివిడిగా రాయమన్నారు. స్ట్రాస్‌బర్గ్‌లో పుట్టి న్యూయార్క్ చేరిన ఒక రొట్టెల వ్యాపారిని ఊహించుకోండి. 1870లో అతని ఊరు ఫ్రాన్స్‌లో ఉంది. మరుసటి ఏడాది యుద్ధంలో జర్మనీ దాన్ని లాగేసుకుంది. 1880లో లెక్కల మనిషి మళ్ళీ తలుపు కొడితే ఏం చెప్పాలి? పోలండ్ వాళ్ళ పరిస్థితి ఇంకా అన్యాయం. 1795 నుంచి 1918 దాకా మ్యాపులో పోలండే లేదు. పోలిష్ మాట్లాడే మనిషి ఎక్కడ పుట్టాడన్న దాన్ని బట్టి రష్యా, ఆస్ట్రియా, జర్మనీ ఖాతాల్లో పడిపోయేవాడు.

మనకిది అర్థంకాని సంగతేం కాదు. 1940లో వరంగల్‌లో పుట్టి ఊరు దాటని మనిషి నిజాం రాజ్యంలో పుట్టాడు, హైదరాబాద్ రాష్ట్రంలో బడికెళ్ళాడు, ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల పెళ్ళిళ్ళు చేశాడు, తెలంగాణలో పింఛను తీసుకుంటున్నాడు. ఆయన ఎక్కడికీ కదల్లేదు, గీతలే ఆయన మీదుగా నడిచి వెళ్ళాయి. ఈ తలనొప్పి భరించలేకే 1910లో అమెరికావాళ్ళు మాతృభాష కూడా అడగడం మొదలుపెట్టారు.

ఇక లెక్క తీసే మనుషులు. 1880 నుంచి మార్షళ్ళను పక్కనబెట్టి ప్రత్యేకంగా ఎన్యూమరేటర్లను పెట్టుకున్నారు. తలకు 2 సెంట్లు, పొలం వివరాలు రాస్తే 10 సెంట్లు. నాలుగు మెట్లెక్కి, భాష రాని ఇంట్లో పావుగంట సైగలు చేస్తే చేతికొచ్చేది పది పన్నెండు సెంట్లు. పేరు వినబడినట్టు రాసేవారు. ఇంట్లో ఎవరూ లేకపోతే పక్కింటివాళ్ళు చెప్పిందే రాత. పేర్లు న్యూయార్క్ రేవులో వలసదారుల్ని తనిఖీ చేసే ఎల్లిస్ ఐలాండ్‌లో ఆఫీసర్లు మార్చేశారని ఒక కథ బాగా తిరుగుతుంది కానీ, వాళ్ళు ఓడవాళ్ళు ఇచ్చిన జాబితా చూసి టిక్కులు పెట్టినవాళ్ళే. పేర్లు వంకరపోయింది ఎక్కువగా ఇలాంటి గుమ్మాల దగ్గర, ఫ్యాక్టరీ రిజిస్టర్లలో, చాలాసార్లు ఆ మనుషుల సొంత ఇష్టంతోనే.

మోసాలూ జరిగాయి. 1890లో మినియాపోలిస్, సెయింట్ పాల్ అనే జంట నగరాలు, ఎవరిది పెద్ద ఊరో తేల్చుకోవాలన్న పంతంతో, లేని మనుషుల్ని వేలల్లో రాయించాయి. రైల్వే స్టేషన్‌లో వందల మంది కాపురం ఉంటున్నట్టు కాగితాల మీద తేలింది. ఎన్యూమరేటర్లు అరెస్టయ్యారు, రెండు ఊళ్ళలోనూ మళ్ళీ లెక్కించాల్సి వచ్చింది.

గడి పక్కన మరో గడి

1870లో ఫ్రాన్సిస్ వాకర్ అనే ఆర్థికవేత్త జనాభా లెక్కల అధికారి అయ్యాక ఫారంలో కొత్త గడులు వచ్చాయి. తండ్రి విదేశంలో పుట్టాడా, తల్లి విదేశంలో పుట్టిందా? అవునైతే ఒక గీత. 1880 వచ్చేసరికి గీత చాలదని ఇద్దరి జన్మస్థలాలూ పేరు పెట్టి అడిగారు. ఇది చిన్న మార్పు కాదు. బోస్టన్‌లో పుట్టి, బోస్టన్‌లో చదివి, ఐర్లాండ్ ముఖం చూడని కుర్రాడి వరుసలో కూడా ఐర్లాండ్ వచ్చి కూర్చుంది. పరాయితనం ఆస్తిలాగా వారసత్వంగా దిగడం మొదలైంది. ఈ వాకరే 1896లో, దక్షిణ, తూర్పు యూరప్ నుంచి వస్తున్న కొత్తవాళ్ళు ఓడిపోయిన జాతుల్లో ఓడిపోయిన మనుషులు అని పత్రికలో రాశాడు. లెక్కించినంత మాత్రాన మనిషి తటస్థంగా ఉంటాడని ఏమీ లేదు.

అదే 1870 ఫారంలో రంగు గడిలో 'చైనీస్' అన్న వర్గం చేరింది. గమనించండి, ఐరిష్, జర్మన్, స్వీడిష్ వాళ్ళందరూ పుట్టిన చోటు గడిలో ఉంటే, చైనా మనిషిని అతని చర్మంలో వెతికారు. 1880లో దేశం మొత్తం మీద చైనీయులు 1 లక్షా 5 వేలు, 5 కోట్ల జనాభాలో వెయ్యికి ఇద్దరు. రెండేళ్ళకే, 1882లో, చైనా కూలీలు రాకుండా చట్టం వచ్చేసింది. భయపడటానికి సంఖ్య పెద్దది కానక్కర్లేదు, దాన్ని విడిగా చూపించే గడి ఒకటుంటే సరిపోయింది.

స్థిరపడటం అన్న మాటకూ జనాభా లెక్కలే అర్థం చెప్పాయి. 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 160 ఎకరాలు తీసుకుని అయిదేళ్ళు సాగుచేస్తే పట్టా నీదే. పౌరుడు కానక్కర్లేదు, అవుతానని ప్రకటిస్తే చాలు. నార్వే, స్వీడన్ రైతులు మినెసోటా, డకోటా మైదానాలకు అలా చేరుకున్నారు. ఆ విస్తరణను లెక్కల ఆఫీసు మ్యాపుల మీద రంగులు పూసి చూపించేది. చదరపు మైలుకు ఇద్దరి కంటే తక్కువ ఉంటే ఆ నేల ఖాళీ. 1890లో, ఆ ఖాళీకీ జనావాసానికీ మధ్య ఇక గీత గీయలేమని, సరిహద్దు ముగిసిందని ఆఫీసు ప్రకటించింది. మూడేళ్ళ తర్వాత ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ అనే చరిత్రకారుడు ఆ ఒక్క వాక్యం మీద అమెరికా స్వభావం గురించి పెద్ద సిద్ధాంతమే కట్టాడు.

అయితే ఆ నేల ఖాళీగా ఎందుకు కనబడింది? అక్కడున్న మూలవాసుల్లో ఎక్కువమంది 'పన్ను కట్టని ఇండియన్లు'. అన్నేళ్ళూ వాళ్ళను మామూలు లెక్కలో కలపలేదు. దేశమంతటా వాళ్ళను లెక్కించే పని పూర్తిస్థాయిలో జరిగింది 1890లోనే, అంటే సరిహద్దు ముగిసిందని చెప్పిన ఏడాదే. అప్పటికి మిగిలింది సుమారు 2 లక్షల 48 వేల మంది.

పాదరసం, గంట, నిప్పు

1880 లెక్కలు కూడి అచ్చు వేయడానికి ఏడెనిమిదేళ్ళు పట్టింది. ఇలాగైతే ఒక లెక్క తెమిలేలోపు ఇంకో లెక్క వచ్చి మీద పడుతుంది. ఆ ఆఫీసులోనే పనిచేసిన హెర్మన్ హోలరిత్ ఒక యంత్రం తయారుచేశాడు. ఇతని తల్లిదండ్రులు జర్మనీ నుంచి వచ్చినవాళ్ళే, తన 1880 వరుసలో ఆ రెండు గడులూ నిండే ఉంటాయి.

మనిషికొక అట్టముక్క. వయసుకో చిల్లు, రంగుకో చిల్లు, పుట్టిన దేశానికో చిల్లు. ఆ అట్టను యంత్రంలో పెట్టి పిడి కిందికి లాగితే పైనుంచి సన్నటి సూదులు దిగుతాయి. చిల్లు లేని చోట సూది అట్టకు తగిలి ఆగిపోతుంది. చిల్లు ఉన్నచోట దూరి కింద చిన్న గిన్నెలో ఉన్న పాదరసాన్ని తాకుతుంది. కరెంటు పారి ఎదురుగా డయల్ ముల్లు ఒక అంకె ముందుకు జరుగుతుంది, గంట మోగుతుంది, పక్కన ఒక పెట్టె మూత తెరుచుకుంటుంది. అట్టను అందులో వేసి ఇంకోటి అందుకోవడమే. అలా 6 కోట్ల పైచిలుకు మనుషులు గంటలు మోగించుకుంటూ పెట్టెల్లోకి వెళ్ళారు. హోలరిత్ పెట్టిన కంపెనీ తర్వాత వేరే కంపెనీలతో కలిసి, 1924లో ఐబీఎం అని పేరు మార్చుకుంది. మనవాళ్ళు ఎంతమంది అక్కడ పనిచేశారో చెప్పక్కర్లేదు.

వేగం వచ్చింది సరే, దాంతోపాటు ఇంకోటి వచ్చింది. మనుషుల్ని ఎలా కావాలంటే అలా విడదీసి, మళ్ళీ కలిపి చూసే సౌకర్యం. ఇటలీలో పుట్టినవాళ్ళలో ఇంగ్లీషు రానివాళ్ళెందరు, పౌరసత్వం తీసుకోనివాళ్ళెందరు? చేత్తో కూడేటప్పుడు ఇలాంటి ప్రశ్న అడగడానికే గుమాస్తాలు భయపడేవారు.

ఈ 1890 లెక్క చివరికి ఎక్కడ తేలిందో చూడండి. 1921 జనవరి 10న వాషింగ్టన్‌లో వాణిజ్య శాఖ భవనం నేలమాళిగలో మంటలు లేచాయి. ఇంటింటికీ తిరిగి రాసిన ఆ కాగితాల్లో నాలుగో వంతు కాలిపోయాయి, మిగిలినవాటిలో సగం దాకా నీళ్ళకూ పొగకూ పాడయ్యాయి. మిగిలినవాటిని కూడా కొన్నేళ్ళకు ప్రభుత్వమే పారేయించింది. 6 కోట్ల మందిలో ఈరోజు ఆరువేల చిల్లర పేర్లే దొరుకుతాయి. అమెరికాలో తాతముత్తాతల కోసం వెతికేవాళ్ళు 1890 అనగానే నిట్టూరుస్తారు.

మనుషులున్న కాగితాలు పోయాయి కానీ కూడిక పట్టికలు అంతకు ముందే అచ్చయ్యాయి. 1921లో కాంగ్రెస్ మొదటిసారి దేశాలవారీ కోటా పెట్టింది. 1910 లెక్క ప్రకారం ఇక్కడున్న మీ దేశస్థుల్లో నూటికి 3 మంది చొప్పున ఏటా కొత్తవాళ్ళు రావచ్చు. ఇటాలియన్లు మరీ ఎక్కువ వస్తున్నారన్న గోల తగ్గలేదు. దాంతో 1924 చట్టంలో శాతాన్ని 2కి దించి, లెక్కను కూడా వెనక్కి జరిపి 1890ని పట్టుకున్నారు. కిటుకంతా అందులోనే ఉంది. ఇటలీలో పుట్టినవాళ్ళు 1910లో 13 లక్షల 43 వేలైతే, 1890లో 1 లక్షా 82 వేలే. ఇటలీ కోటా 42,057 నుంచి 3,845కి పడిపోయింది. పోలండ్‌ది 30,977 నుంచి 5,982కి. జర్మనీకి మాత్రం 51 వేలు మిగిలాయి. చట్టంలో ఏ జాతినీ తిట్టలేదు, తమకు నచ్చే ఏడాదిని ఎంచుకున్నారంతే.

1929 నుంచి ఇంకో అడుగు ముందుకు వేశారు. దేశంలోని తెల్లవాళ్ళందరి మూలాలూ 1790 దాకా తవ్వి కోటాలు కట్టారు. ఆనాడు ఇంటి పెద్దల పేర్లు ఒక్కటే రాశారు కదా, ఆ ఇంటిపేర్లను బట్టి ఇది ఇంగ్లీషు, ఇది జర్మన్ అని ఊహించారు. బానిసల సంతతినీ, మూలవాసుల్నీ, ఆసియావాళ్ళనూ ఆ లెక్కలోంచి తీసేశారు. ఏటా లక్షా 53 వేల చోటుల్లో బ్రిటన్‌కు 65,721 వచ్చాయి.

మన వరుస

ఈ గొడవలో మనం ఎక్కడ? 1917 చట్టం ఇండియాను రాకూడని ప్రాంతంలో కలిపేసింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు, భారతీయుడు తెల్లవాడు కాడు కాబట్టి పౌరసత్వానికి పనికిరాడని చెప్పింది. ఆయన మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన సిక్కు. 1920, 1930, 1940 లెక్కల్లో ఆయనలాంటివాళ్ళను జాతి గడిలో 'హిందూ' అని రాశారు. సిక్కైనా ముస్లిమైనా అంతే. 1946లో ఏడాదికి 100 మంది చొప్పున తలుపు సందిచ్చారు. 1965లో జాతి మూలాల కోటాలు పోయాయి, ఇండియా నుంచి ఏటా 20 వేల దాకా రావచ్చన్నారు. మన డాక్టర్లూ ఇంజినీర్లూ సూట్‌కేసులు సర్దుకున్నది ఆ తర్వాతే.

1965 చట్టం పాత అన్యాయాన్ని సరిదిద్దిన మాట నిజం. అయితే కూడికలు మార్చింది కానీ గడిని చెరపలేదు. చిన్న దేశానికీ పెద్ద దేశానికీ ఒకే పరిమితి అన్నారు, ఎవరు ఏ దేశం అన్నది పుట్టిన చోటును బట్టే అన్నారు. 1990 చట్టం దాన్ని 7 శాతం చేసింది. ఉద్యోగాల మీద ఏటా ఇచ్చే సుమారు 1 లక్షా 40 వేల గ్రీన్ కార్డుల్లో మామూలుగా ఏ ఒక్క దేశానికీ అంతకు మించి రావు. ఇంకెవరూ వాడుకోనివి మిగిలితేనే కాస్త ఎక్కువ. 140 కోట్ల ఇండియాకూ, మన జిల్లా అంత లేని దేశానికీ అదే గీత. ఏ దేశం లైన్ ఎంతదాకా కదిలిందో చెప్పే వీసా బులెటిన్ నెల నెలా రాగానే మన వాట్సాప్ గ్రూపుల్లో పుట్టే టెన్షన్ అంతా ఈ గీత దగ్గరిదే.

మా వాడి స్నేహితుడొకడిది రాజంపేట. ఇద్దరూ ఒకే ఏడాది అప్లై చేశారు, ఒకే కేటగిరీ. అతనికి గ్రీన్ కార్డ్ ఎప్పుడో వచ్చేసింది. అతని భార్యది కూడా రాజంపేట పక్క ఊరే, కానీ వాళ్ళ నాన్న కువైట్‌లో డ్రైవర్‌గా ఉన్న రోజుల్లో ఆమె అక్కడి ఆసుపత్రిలో పుట్టింది. మూడో నెలలో అమ్మమ్మగారింటికి తీసుకొచ్చేశారు, మళ్ళీ ఆ దేశం వెళ్ళనే లేదు. భర్త తన భార్య పుట్టిన దేశం లైన్లో నిలబడొచ్చని చట్టంలో వెసులుబాటు ఉంది. ఇంటివాళ్ళంతా కువైట్ ఖాతాలో వెళ్ళిపోయారు.

మా వదినది భీమవరం.